సాయంత్రమైతే చాలు పాప ఏడుపు, గుడ్డతో ఒంటికి కట్టుకోవచ్చా? రాయగడ వైపు అమ్మలు ఎవరైనా ఉంటే చెప్పండి

నాగావళి (రాయగడ):
అందరికీ నమస్తే. మాది పార్వతీపురం, పెళ్ళయ్యాక ఒడిశాలోని రాయగడ వచ్చాను, మా ఆయనకి మిల్లులో షిఫ్టు డ్యూటీలు. పాపకి మూడో నెల నడుస్తోంది. పగలంతా బాగానే ఉంటుంది గానీ దీపాలు పెట్టే టైమయ్యేసరికి ఏడుపు మొదలు, పాలు పట్టినా ఆగదు. గ్రైప్ వాటర్ పొయ్యమని ఒకరు, దిష్టి తియ్యమని ఒకరు. డాక్టర్ గారు చూసి బరువు బాగా పెరుగుతోంది, కంగారు పడొద్దన్నారు. భుజానేసుకుని ఇంట్లో అటూ ఇటూ తిరిగితే మాత్రం టక్కున ఆగిపోతుంది, కూర్చున్నానంటే మళ్ళీ మొదలు. చేతులు పడిపోతున్నాయండి, అన్నం తినడానిక్కూడా ఒక చెయ్యి ఖాళీ ఉండట్లేదు.

సంతకి కొండ మీంచి వచ్చే ఆడవాళ్ళు పిల్లల్ని గుడ్డతో కట్టుకుని వాళ్ళ పాటికి వాళ్ళు సరుకు అమ్ముకుంటారు కదా, ఆ పిల్లలు అంత గోలలో కూడా హాయిగా నిద్రపోతుంటారు. నేనూ అలా కట్టుకుంటానంటే మా అత్తగారు ఒప్పుకోవట్లేదు. ఎత్తు మరిగితే ఇంక కింద పడుకోదంటారు, దొడ్డికాళ్ళు వస్తాయంటారు, గుడ్డలో ఊపిరాడదంటారు. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనట్లేదు, నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, అందుకే ఊరికే కొట్టిపారెయ్యలేను. తెలిసినవాళ్ళు వివరంగా చెప్తే ఆవిడకే చదివి వినిపిస్తా.

వంశధార (గుణుపూర్):
కట్టుకోమ్మా, నిక్షేపంగా కట్టుకో. మా ఇద్దర్నీ అలాగే పెంచాను, పెద్దాడు ఇప్పుడు స్కూలుకెళ్తున్నాడు, ఎత్తుకోమని ఎవర్నీ అడగడు 😊

ఎత్తు మరగడం గురించి. మొదటి మూడు నెలల్లో సాయంత్రం ఏడుపు చాలామంది పిల్లలకి ఉండేదే, ఆరో వారం దగ్గర బాగా ఎక్కువుంటుంది, తర్వాత తగ్గుకుంటూ వస్తుంది. కెనడాలో మాంట్రియల్ డాక్టర్లు 1986లో దీని మీద ఒక పరిశీలన చేశారు. కొంతమంది తల్లుల్ని రోజుకి కనీసం 3 గంటలు పిల్లని ఎత్తుకునో, ఒంటికి కట్టుకునో తిరగమన్నారు, అదీ ఏడ్చినప్పుడే కాదు, మామూలుగా ఉన్నప్పుడు కూడా. ఆరు వారాల వయసుకి ఆ పిల్లలు మిగతావాళ్ళకన్నా 43 శాతం తక్కువ ఏడ్చారు, సాయంత్రం పూట అయితే 51 శాతం తక్కువ. అంటే ఎత్తుకుంటే ఏడుపు పెరగలేదు, తగ్గింది. మీ అత్తగారికి ముందు ఈ ముక్క చదివి వినిపించు.

నీకు పనికొచ్చే విషయం ఇంకోటుంది ఇందులో. ఏడుపు అందుకున్నాక కట్టుకోవడం కాదు, నాలుగున్నర అయిదింటికే, పాప మంచిగా ఉన్నప్పుడే కట్టేసుకుని పనిలో పడిపో.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఏటమ్మా మీరు, పురిటి మంచం దిగిన పిల్లకి నడుముకి బరువు కట్టుకోమంటన్నారు. నాకు ముగ్గురు పిల్లలు, అయిదుగురు మనవలు. మా రోజుల్లో బాలింతని మూడో నెల దాకా వంగనిచ్చీవారు కాదు. పిల్లని ఎత్తడానికి ఇంట్లో అత్తో ఆడపడుచో అమ్మమ్మో ఎవరో ఒకరుండీవారు, చేతులు మారేవి. ఇప్పుడు ఒక్కత్తీ ఉండి, అన్ని పనులూ ఆ పిల్లే చేసుకోవాలి, పైనించి పసిదాన్ని కూడా ఒంటికి కట్టుకుని చెయ్యాలంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. గుడ్డ కడితే పిల్ల ఊరుకుంటాది, అది నిజమే, నేను కాదన్ను. గానీ ఆ గుడ్డ చూసి ఇంట్లోవాళ్ళు, ఓహో దీనికి చేతులు ఖాళీ అయ్యాయి కదా అని ఇంకో రెండు పనులు చెప్పకూడదు. నాగావళీ, నీకు కాన్పా ఆపరేషనా?

నాగావళి (రాయగడ):
ఆపరేషనే అమ్మా. కుట్లు మానిపోయాయి, ఒక్కోసారి లాగినట్టు ఉంటుంది అంతే. మీరన్న మాట నాకు చాలా నచ్చింది, మా ఇంట్లో అలా చెప్పరులెండి, అత్తగారే నా పనులు సగం చేస్తున్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పాపనెత్తుకుని తిరగలేరు. అందుకే ఈ ఆలోచన.

బరంపురం కోడలు:
మా బాబు నెలలు నిండకుండా పుట్టాడు, 1.6 కిలోలు. పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డులో ఉంచారు. కొంచెం కుదుటపడ్డాక నర్సు దీదీ వచ్చి జాకెట్టు హుక్కులు తియ్యమ్మా అని వాడికి టోపీ, మేజోళ్ళు, డైపర్ మాత్రం ఉంచి నా గుండెల మీద నిలువుగా పడుకోబెట్టి, కప్ప కాళ్ళలాగ కాళ్ళు మడిచి, తల ఒక పక్కకి తిప్పి పైనించి గుడ్డతో కట్టేసింది. నాకు వణుకొచ్చేసింది, ఇంత చిన్న ప్రాణి, మిషన్లో ఉండాల్సినవాడు నా దగ్గరేంటని. కాసేపటికి వాడి ఒళ్ళు వెచ్చబడింది, ఊపిరి నిదానమైంది, మానిటర్ మీద కనిపిస్తోంది నాకు. రాత్రి మా ఆయన్ని కూడా చొక్కా విప్పించి కూర్చోబెట్టారు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

తర్వాత దీని గురించి బోలెడు చదివాను. కంగారూ మదర్ కేర్ అంటారు. 1978లో కొలంబియా దేశం బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టారు, వాళ్ళ ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరేసి ముగ్గురేసి పిల్లల్ని పెట్టి ఇన్‌ఫెక్షన్లతో పోతుంటే తల్లి ఒంటి వేడినే వాడదామని. బీదరికంలో పుట్టిన పద్ధతి, ఇప్పుడు డబ్బున్న దేశాల్లో కూడా ఇదే చేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఇండియాతో కలిపి అయిదు దేశాల్లో పెద్ద స్టడీ చేయించింది, మన దగ్గర ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో. ఫలితం 2021లో వచ్చింది. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలు వాళ్ళు. పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పెట్టినవాళ్ళలో నెల లోపు పోయినవాళ్ళు 12 శాతం, మామూలు పద్ధతిలో ముందు కుదుటపడనిచ్చి తర్వాత పెట్టినవాళ్ళలో 15.7 శాతం. 2022 నుంచి ఆ సంస్థ చెప్తున్నది రోజుకి 8 నుంచి 24 గంటలు, ఎంత వీలైతే అంత.

నాగావళి గారూ, మీ పాప నెలలు నిండి పుట్టింది, మీకు ఇదంతా అక్కర్లేదు. కానీ తల్లి ఒంటికి ఆనుకుంటే పిల్లకి ఏమవుతుందో మీ అత్తగారికి తెలియాలని ఇంత రాశాను. గారాబం అని దీన్ని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కొరాపుట్ ఫిజియో:
నేను ఫిజియోథెరపిస్టుని, కాళ్ళ సంగతి నేను చెప్తా, ఎందుకంటే ఈ దొడ్డికాళ్ళ భయంతో నా దగ్గరికి వారానికి ఒకరైనా వస్తారు.

పుట్టిన పిల్లల కాళ్ళు మామూలుగానే కొంచెం వంకరగా ఉంటాయి, కడుపులో ముడుచుకుని ఉన్నారు కాబట్టి, అది నడక వచ్చాక మెల్లగా సర్దుకుంటుంది. గుడ్డలో కట్టుకోవడం వల్ల రాదు. మనం నిజంగా భయపడాల్సింది తుంటి కీలు గురించి. పసిపిల్లల తుంటి గిన్నె ఇంకా మెత్తగా ఉంటుంది, తొడలు రెండు పక్కలకీ విచ్చుకుని మోకాళ్ళు పిర్రలకన్నా పైకి ఉంటే తొడ ఎముక బంతి ఆ గిన్నెలో సరిగ్గా కూర్చుంటుంది. కాళ్ళు నిటారుగా చాపి బిగించి ఉంచితే జారే ప్రమాదం ఉంది. మన ఇళ్ళలో స్నానం పోశాక పిల్లని కాళ్ళు చాపి గుడ్డలో బిగుతుగా చుట్టేస్తారు చూడండి, అది మానాలి. చుడితే పైన చుట్టండి, కాళ్ళ దగ్గర వదులుగా వదిలెయ్యండి. జపాన్‌లో 1975 నుంచి పిల్లల కాళ్ళు చాపి చుట్టొద్దని దేశమంతా ప్రచారం చేశారు, అంతకుముందు నూటికి ఒకరి నుంచి మూడున్నర మంది దాకా ఉన్న తుంటి జారుడు 0.2 శాతానికి దిగిపోయింది. కాబట్టి గుడ్డ ఒక మోకాలి నుంచి ఇంకో మోకాలి దాకా పిర్రల కింద పరుచుకునేలా కట్టుకుంటే మీ పాప తుంటికి మంచిదే. కాళ్ళు కిందకి వేలాడే సన్నటి బెల్టు క్యారియర్లు కొనొద్దు.

ఊపిరి విషయంలో మాత్రం మీ అత్తగారి భయం నూటికి నూరుపాళ్ళు సరైనది, ఆవిడకి నా నమస్కారం చెప్పండి. 2010లో అమెరికా ప్రభుత్వమే హెచ్చరిక ఇచ్చింది, అంతకుముందు 20 ఏళ్ళలో పిల్లల్ని వేసుకుని తిరిగే జోలెల్లో 14 మంది పిల్లలు పోయారని, అందులో 12 మంది నాలుగు నెలల లోపువాళ్ళే. సంచీలాంటి జోలెలో పిల్ల వంకర పడుకుని గడ్డం గుండెలకి ఆనిపోతే ఊపిరి దారి మూసుకుపోతుంది, ఆ వయసులో తల ఎత్తుకోలేరు, ఏడవను కూడా ఏడవరు. అందుకని అడ్డంగా పడుకోబెట్టే జోలె వద్దు, నిలువుగా గుండెలకి ఆనించి కట్టండి. గుడ్డ బిగుతుగా ఉండాలి, వదులైతే పిల్ల లోపలికి కూరుకుపోతుంది. తల దించితే మీ ముద్దు పాప నెత్తికి అందేంత పైన ఉండాలి. గడ్డం కింద రెండు వేళ్ళు దూరేంత ఖాళీ ఉండాలి. మొహం మీద పైట చెంగు కూడా పడకూడదు, ఎప్పుడు చూసినా ముక్కు కనబడాలి. పాలు పట్టడానికి కిందకి దింపితే అయిపోగానే మళ్ళీ పైకి జరపండి. జలుబు చేసి ముక్కు దిబ్బడ ఉన్నరోజు మానెయ్యండి.

మీ ఆపరేషన్ గురించి, మీ డాక్టర్ని ఒకసారి అడగండి. ముడి, గుడ్డ అంచు కుట్ల మీద పడకుండా పైకి కట్టుకోవాలి. మొదట పావుగంట, అరగంట చాలు. నడుం లాగినా కింద బరువుగా అనిపించినా ఆపెయ్యండి.

లెక్కల మాస్టారు:
పైన 1986 స్టడీ గురించి రాశారు, మంచిదే, కానీ దానికి రెండో సగం కూడా ఉంది. ఆ మాంట్రియల్ బృందంలోని డాక్టర్ బార్ అనే ఆయనే 1991లో ఇంకో పరీక్ష చేశారు, అప్పటికే విపరీతంగా ఏడుస్తున్న పిల్లల్ని ఎక్కువ ఎత్తుకోమని చెప్పి చూశారు. అక్కడ చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. కాబట్టి కట్టుకున్నా ఏడిస్తే ఆ తల్లి తప్పేమీ కాదు, అది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఏడుపుతో పాటు జ్వరం, వాంతులు, పాలు తాగకపోవడం ఉంటే మాత్రం ఈ గుడ్డలూ ముడులూ పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్ళండి.

వంశధార (గుణుపూర్):
మాస్టారూ ఆ రెండోది నాకు తెలీదండి, బాగా చెప్పారు. అందుకేనేమో ముందే కట్టుకుంటే పనిచేసేది మా వాడికి, ఏడుపు ముదిరాక కడితే నన్ను తన్నేవాడు.

చింటూ నాన్న (పర్లాకిమిడి):
నాన్నలు కూడా కట్టుకోవచ్చండీ, ఎవరూ ఆ మాట అనట్లేదు. నేను సాయంత్రం షాపు నించి రాగానే స్నానం చేసి బాబుని గుండెలకి కట్టుకుని వీధిలో తిరిగేవాడిని, వాళ్ళమ్మ ఆ టైములో తినేసి నడుం వాల్చేది. మొదట్లో వీధిలో అందరూ అదోలా చూశారు, ఒకాయన అయితే ఆగి మరీ అడిగాడు ఇంట్లో ఆడవాళ్ళు లేరా అని. ఉన్నారు, పడుకున్నారు అన్నాను. పాలిచ్చే పని మనకి రాదు, పిల్లాడు మన ఒంటిని గుర్తుపట్టాలంటే ఇంతకన్నా దారి ఏముంది చెప్పండి. ఇప్పుడు వాడికి నిద్రొస్తే నా భుజమే కావాలి, నాకు అంతకన్నా ఇంకేం అక్కర్లేదు.

నడిస్తే ఎందుకు ఆగుతారు, కూర్చుంటే ఎందుకు ఏడుస్తారు అన్నదానికి జపాన్‌లో రికెన్ అనే సంస్థవాళ్ళు 2013లో కొలిచి చూశారు. తల్లి ఎత్తుకుని నడవడం మొదలుపెట్టిన కొద్ది సెకన్లలోనే పిల్ల గుండె వేగం తగ్గుతుంది, ఒళ్ళు కదలడం ఆగుతుంది. ఎలుక పిల్లల్లో కూడా అంతేనట, తల్లి నోటితో పట్టుకుని తీసుకెళ్తుంటే ముడుచుకుని ఊరుకుంటాయి. వాళ్ళే 2022లో ఇంకోటి చెప్పారు, ఏడిచే పిల్లని 5 నిమిషాలు ఆగకుండా నడుస్తూ తిప్పి, నిద్రపోయాక వెంటనే మంచం మీద వెయ్యకుండా 5 నుంచి 8 నిమిషాలు అలాగే పట్టుకుని కూర్చుని అప్పుడు దింపితే లేవరట. మన ఒంటి నుంచి విడిపోయే ఆ క్షణంలోనే ఉలిక్కిపడతారు. నాగావళి గారూ మీ ఆయనకి ఫస్ట్ షిఫ్టు ఉన్న వారం ఆయన్నే సాయంత్రం తిప్పమనండి.

నాగావళి (రాయగడ):
ఇన్ని విషయాలు చెప్పినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. నిన్న రాత్రి అత్తగారికి మొత్తం చదివి వినిపించాను. ఫిజియో గారు నమస్కారం చెప్పారంటే నవ్వారు. కాళ్ళు చాపి చుట్టొద్దన్న దగ్గర మాత్రం ఊరుకోలేదు, మా పిల్లలందరికీ అలాగే చుట్టాం ఎవడికేమైంది అన్నారు. పొద్దున చూస్తే స్నానం తర్వాత పాపని నడుం దాకానే చుట్టి కాళ్ళు వదిలేశారు 🙏

ఇప్పుడు గుడ్డ గురించి చెప్పండి. ఆన్‌లైన్ క్యారియర్లు చూస్తే రెండు వేలు మూడు వేలు ఉన్నాయి, లోపలంతా స్పాంజి. మా ఇల్లు పైఅంతస్తు, ఎండాకాలం స్లాబు నిప్పులు కక్కుతుంది. పాత చీర పనికొస్తుందా?

జయపురం చేనేత:
మాది బట్టల షాపు, దీని కోసం అడిగేవాళ్ళు ఈ మధ్య వస్తున్నారు. పాత చీర పనికొస్తుంది గానీ ఏ చీర అన్నది చూసుకోవాలి. సింథటిక్, సిల్క్, జార్జెట్ వద్దు, ముడి జారిపోతుంది, చెమట పీల్చదు. కాటన్ నేత చీర మంచిది. బాగా నలిగిపోయినదైతే వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, ఎక్కడైనా పల్చబడి జల్లెడలాగ కనిపిస్తే అది పొత్తిగుడ్డలకి వాడుకోండి, పిల్లని మోయడానికి కాదు. రెండు చేతులతో గట్టిగా లాగితే చిరుగు శబ్దం రాకూడదు. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది, గుండెల మీద అడ్డంగా నిలువుగా చుట్టి వెనక కట్టడానికి నాలుగున్నర మీటర్లు సరిపోతుంది, సన్నగా ఉన్నవాళ్ళకి ఇంకా తక్కువ. వెడల్పు ఎక్కువైతే వేడి, అందుకని వెడల్పులో ఒక మూర కత్తిరించి తీసేసి అంచు కుట్టించుకోండి.

మా వైపు కోట్‌పాడ్ నేత ఉంది, ఆల్ చెట్టు వేరు రంగుతో నేసేది, 2005లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చేది) కూడా వచ్చింది, బరువైన గట్టి గుడ్డ. చలికాలం కొండ మీద చాలా బాగుంటుంది, రాయగడ ఎండకి మాత్రం పల్చటి చీరే మేలు.

రింగులతో జోలె కుట్టించుకోవాలనుకుంటే కర్టెన్ రింగులు, బ్యాగు రింగులు పొరపాటున కూడా వాడొద్దు. అతుకు లేకుండా ఒకే ముక్కగా పోసిన రింగులుండాలి. ఏదైనా సరే, పిల్లని పెట్టే ముందు 5 కిలోల బియ్యం సంచీ కట్టుకుని ఇల్లంతా తిరిగి చూడండి.

బరంపురం కోడలు:
ఎండాకాలం గురించి నేనొకటి చెప్తా. ఇద్దరి ఒళ్ళూ ఆనుకుంటే వేడి కలుస్తుంది కాబట్టి గుడ్డనే ఒక డ్రెస్సుగా లెక్కేసుకోవాలి, లోపల పాపకి పల్చటి జుబ్బా ఒక్కటి చాలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి, చెమటగా వేడిగా ఉంటే విప్పెయ్యండి. మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా బయటికి వద్దే వద్దు. పాలు మామూలుకన్నా ఎక్కువసార్లు ఇవ్వండి, మీరూ నీళ్ళు తాగండి.

పుష్ప (రాయగడ):
పొయ్యి దగ్గర కట్టుకుని వంట చెయ్యొచ్చా? నాకు అదే కావాలి అసలు

కొరాపుట్ ఫిజియో:
వద్దమ్మా. వేడి నూనె, కుక్కర్ ఆవిరి పిల్ల మొహం ఎత్తులో ఉంటాయి. కూరగాయలు తరిగేటప్పుడు కూడా కత్తి పిల్ల కాలి దగ్గరే ఉంటుంది. బట్టలు ఆరేసుకోవడం, మడతపెట్టడం, ఊడ్చుకోవడం, మొక్కలకి నీళ్ళు, అన్నం తినడం, ఫోన్ మాట్లాడటం, ఇవి చేసుకోండి. వంగాల్సొస్తే నడుం దగ్గర వంగకుండా మోకాళ్ళు వంచి కూర్చోండి, ఒక చెయ్యి పిల్ల వీపు మీద ఉంచండి.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. బండి మీద పిల్లని గుడ్డతో కట్టుకుని వెళ్తున్నాం కాబట్టి సేఫ్ అనుకోవద్దు. బండి పడితే ఆ గుడ్డ కాపాడదు, మీ బరువంతా పిల్ల మీద పడుతుంది. కారులో కూడా సీటు బెల్టు కింద పిల్లని పెట్టుకోకూడదు.

రామ్ (గుణుపూర్):
మరి రోజంతా కట్టుకుంటే పిల్లలు పాకడం, నడవడం లేటవ్వదా? మా ఆవిడ డౌట్

వంశధార (గుణుపూర్):
రోజంతా ఎవరు కట్టుకుంటారు బాబూ 😄 మెలకువగా ఉన్నప్పుడు బొంత మీద బోర్లా వేసి ఆడించాలి, దొర్లనివ్వాలి, తాతయ్య దగ్గర, నాన్న దగ్గర ఉండాలి. కట్టుకున్నప్పుడు కూడా పిల్ల ఊరికే ఉండదు, తల తిప్పి చూస్తుంది, మెడ నిలుపుతుంది, మన మాటలు వింటుంది. మా ఇంటి పక్కన సవర గిరిజనులున్నారు, పిల్లని వీపున కట్టుకుని కొండెక్కి డొంగర్ చేలో పని చేసొస్తారు, వాళ్ళ పిల్లల్ని చూడు, ఏడాది తిరక్కుండా పరుగులే. నాకు కట్టడం నేర్పింది కూడా ఆ ఇంటి పెద్దావిడే. మన చుట్టాల్లో కొంతమంది అది చూసి వాళ్ళలాగ మనం కట్టుకోవడమేంటని ముక్కు విరిచారు. పిల్లని చూసుకోవడంలో వాళ్ళకున్న నేర్పు మనకి లేదు, నేర్పుతామంటే చేతులు జోడించి నేర్చుకోవాలి, అంతే నేను చెప్పేది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అది మాత్రం నిజం చెప్పినావమ్మా. మా పొలంలో ఊడ్పులకొచ్చిన సవర పిల్లలు గట్టు మీద కూచుని పాలిచ్చి, మళ్ళీ వీపునేసుకుని మడిలోకి దిగీవారు. చూసీదాన్ని.

నాగావళి (రాయగడ):
అప్డేట్. వంశధార అక్క వీడియో కాల్‌లో చూపిస్తే పాత మంగళగిరి చీరతో కట్టుకున్నాను. మొదట బియ్యం సంచీతో, తర్వాత పాపతో, అత్తగారు పక్కనే నిలబడి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి మరీ చూశారు. అయిదింటికే కట్టుకున్నా. కాస్త గునిసింది, మేడ మీద నాలుగు చుట్లు తిరిగేసరికి బుగ్గ నా గుండెకి ఆనించి నిద్రపోయింది. ఏడుపు పూర్తిగా పోయిందని చెప్పను, నిన్న కట్టుకున్నా ఏడ్చింది, కానీ అంతకుముందులా గంటలు గంటలు లేదు. నేను రెండు చేతులతో అన్నం తిన్నాను. ఆపరేషన్ చేసిన డాక్టర్ గారిని కూడా అడిగాను, కుట్లకి పైన కట్టుకుంటే పర్లేదన్నారు. మా ఆయన అయితే ఆ చీర నాకొద్దు, నాకు ప్లెయిన్ గుడ్డ కావాలంటున్నారు, జయపురం షాపు వారు ఏదైనా చెప్పండి.

జయపురం చేనేత:
లుంగీ గుడ్డ థాను దొరుకుతుంది కదమ్మా, అదే కాటన్‌లో నాలుగున్నర మీటర్లు కోయించుకోండి, గట్టిది. మీ ఆయన ఛాతీ వెడల్పైతే అయిదు తీసుకోండి.

పుష్ప (రాయగడ):
వీపున ఎప్పుడు కట్టుకోవచ్చు? మా వాడికి అయిదో నెల, బరువెక్కేశాడు, ముందు కట్టుకుంటే కింద అడుగు కనబడట్లేదు

కొరాపుట్ ఫిజియో:
మెడ పూర్తిగా నిలిచి, ఆసరాతో బాగా కూర్చోగలిగాక, అంటే దాదాపు ఆరో నెల దాటాక. మొదటి కొన్నిసార్లు మంచం మీద కూర్చుని, వెనక ఒక మనిషిని పెట్టుకుని కట్టండి, పిల్లని వీపు మీదకి తిప్పేటప్పుడే జారేది. వీపున ఉన్నప్పుడు మొహం మీకు కనబడదు కాబట్టి అద్దం ముందో, ఫోన్ కెమెరాతోనో మధ్యమధ్యలో చూసుకోండి. అప్పటిదాకా మెట్లు దిగేటప్పుడు పిట్టగోడ పట్టుకుని దిగండి, లేదా నడుం పక్కకి జరిపి చంకన ఉన్నట్టు కట్టుకోండి, మీ వాడి వయసుకి అది బాగా కుదురుతుంది.